ఆర్ని మాగ్నుసన్: రాయని పండితుడు

హల్దోర్ లాక్స్‌నెస్ 1943–46 మధ్య మూడు భాగాలుగా వెలువరించిన ‘ఐస్లాండ్ ఘంట’ నవలలో ఒక మహాపండితుడు నిరుపేద రైతు గుడిసెలోకి వంగి ప్రవేశించి, అతని ముసలితల్లి పడకలో చేతులుపెట్టి వెతుకుతాడు. దొరికినవి మురికిపట్టిన కొన్ని తోలుముక్కలు. నిధి దొరికినట్లు వాటిని భద్రపరచుకుంటాడు. నవల ముగించిన తరువాత నన్ను వెంటాడినది కథానాయకుడు కాదు, ఈ పండితుడే. అతనికి మూలమైన మనిషి ఆర్ని మాగ్నుసన్. ఆయనను గురించి అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను.

ఆర్ని 1663 నవంబరు 13న పశ్చిమ ఐస్లాండులో జన్మించాడు. స్కాల్‌హోల్ట్ పాఠశాలలో చదివి, 1683లో కోపెన్‌హాగన్ చేరాడు. ఐస్లాండ్ అప్పుడు డెన్మార్క్ రాజు పాలనలో ఉండేది. అక్కడ రాజాస్థాన పురాతత్త్వవేత్త తోమస్ బార్తోలిన్ వద్ద సహాయకుడుగా కుదిరి, పాత ఐస్లాండు గ్రంథాలకు నకళ్ళు రాయడం, వాటిని అనువదించడం వృత్తిగా చేసుకున్నాడు. 1701లో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

ఆ గ్రంథాల సంగతి కొంత చెప్పాలి. ఐరోపా పండితలోకం చాలావరకు లాటిన్‌లోనే రాసుకుంటున్న కాలంలో ఐస్లాండు వారు తమ సొంతభాషలో వచనం రాశారు. కుటుంబవైరాలు, రాజుల చరిత్రలు, ప్రాచీన దేవతల గాథలు, అన్నీ. పన్నెండు మొదలు పదిహేనో శతాబ్దం వరకు అవి తోలుమీదికి ఎక్కాయి. మనకు తాటాకు ఎట్లాగో వారికి దూడతోలు అట్లాగు. కాగితం వచ్చి, నకళ్ళు పెరిగిన తరువాత పాత తోలుప్రతి ఎవరికీ అక్కర లేకపోయింది. చదవడానికి కష్టం, చూడడానికి నలుపు. కాని తోలు గట్టిది కదా! ఒక పుటను దుస్తుల నమూనాగా కత్తిరించారు. ప్రేమగాథలు రాసిన మరొక పుట, బిషప్పు ధరించే ఎత్తైన టోపీ నిటారుగా నిలవడానికి లోపల దన్నుగా చేరింది. కొన్ని పుటలు ఇతర పుస్తకాలకు అట్టలయ్యాయి.

1702లో రాజు ఆర్నిని, పౌల్ విదాలిన్ అనే న్యాయవేత్తను ఐస్లాండు భూముల సర్వే కోసం పంపాడు. దాదాపు పదేళ్ళ పని అది. 1703లో వారు జరిపించిన జనగణనలో ప్రతి మనిషి పేరు, వయస్సు, స్థితి ఎక్కాయి. మొత్తం 50,358 మంది. మరి కొద్ది ఏళ్ళకే, 1707–09 నాటి మశూచి వీరిలో సుమారు నాలుగోవంతును తుడిచిపెట్టింది. పోయినవారిలో ఎందరికో ఆ జాబితాలోని ఒక్క వరుస తప్ప మరే ఆనవాలు మిగిలి ఉండదు.

సర్వే పేరుతో ఊరూరా తిరుగుతూనే ఆయన ప్రతులకోసం అడిగాడు. కొన్నాడు, యాచించాడు, అరువు తెచ్చుకున్నాడు. ఒకే గ్రంథం పుటలు వేర్వేరు ఇళ్ళలో దొరికితే ఏళ్ళ తరబడి వాటిని ఒకచోటికి చేర్చాడు. యుద్ధకాలం కావడంవల్ల ఆ సేకరణ వెంటనే కదలలేదు. 1720లో గాని 55 పెట్టెలు కోపెన్‌హాగన్ చేరలేదు.

ఇంతటి మనిషి అచ్చువేసినవి ఏమిటని చూస్తే రెండు మూడు చిన్న ప్రచురణలు. అంతే. అది ఆయన లోపమని కొందరు అంటారు. నాకు అట్లా తోచదు. ప్రతి తోలుపుస్తకంతో బాటు ఆయన చిన్న చీటీలు పెట్టాడు: ఇది ఎవరి నుండి వచ్చింది, ఏ సంవత్సరం, అంతకుముందు ఏ ఇంట్లో ఉండేది, ఇచ్చినవారు దీని గురించి ఏమన్నారు. నకలు రాసేవారిచేత అక్షరం పొల్లుపోకుండా, తప్పులను సైతం తప్పులుగానే రాయించాడు. పద్య ఎడ్డాను సైముండ్ అనే పూర్వ విద్వాంసునికి అంటగట్టిన నాటి ప్రసిద్ధ నమ్మకానికి ఆధారం లేదని చూపినవాడు కూడా ఈయనే. ఆ చీటీలే ఆయన రాసిన గ్రంథమని నా అభిప్రాయం. పొరపాట్లు పుట్టించడంలో కొందరు, వాటిని ఏరివేయడంలో మరికొందరు, లోకంలో ఇరువర్గాలకూ పని దొరుకుతూనే ఉంటుందని ఆయన చమత్కరించాడట.

అయితే ఒక ప్రశ్న నన్ను బాధిస్తుంది. వంద ఇళ్ళలో చెదరి ఉన్నదాన్ని ఒకే ఇంట్లో పోగుచేయడం క్షేమమా? 1728 అక్టోబరు 20 సాయంకాలం కోపెన్‌హాగన్‌లో అగ్నిప్రమాదం మొదలయింది. మంట తన వీధిదాకా రాదని ఆర్ని భావించాడు. మరునాడు తరలించడం మొదలుపెట్టేసరికి ఆలస్యమయింది. తోలుప్రతుల్లో అధికభాగం బయటపడ్డాయి. అచ్చుపుస్తకాలు దాదాపు అన్నీ, ఎన్నో కాగితపు నకళ్ళు, ఆయన సొంత రచనలు, టిప్పణులు బూడిద అయ్యాయి. ఆ తరువాత ఆయన ఎంతో కాలం బతకలేదు. 1730 జనవరి 7న మరణించాడు. మిగిలిన సంపదనంతా కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయానికి రాసి ఇచ్చాడు.

ఐస్లాండు స్వతంత్రమయ్యాక ఆ ప్రతులను తిరిగి ఇమ్మని అడిగింది. ఏళ్ళ తరబడి వాదప్రతివాదాలు నడిచాయి. 1971 ఏప్రిల్ 21న, రాజగ్రంథాలయానికి చెందిన రెండు ప్రసిద్ధ ప్రతులు మొదటగా ఓడ దిగినప్పుడు రేక్యవీక్ రేవు జనంతో నిండిపోయింది. 1997 నాటికి ఆర్ని సేకరణలోంచి 1,666 ప్రతులు స్వదేశం చేరాయి. మిగిలినవి కోపెన్‌హాగన్‌లోనే ఉన్నాయి. పంపకం ఇద్దరి గౌరవమూ నిలిచేట్టు జరిగిందనే అనుకుంటాను. మాజీ పాలకులు ఇంతమాత్రం ఇవ్వడం కూడా అరుదే.

చివరిగా ఆయన వద్ద లేఖకుడుగా ఉన్న యోన్ ఓలఫ్సన్ సంగతి. ‘హేదర్వీగ సాగా’ అనే కథకు ఉన్న ఒకే ఒక్క ప్రాచీనప్రతి స్టాక్‌హోమ్‌లో ఉండేది. అందులో మొదటి భాగం పుటలను ఆర్ని అరువు తెప్పించాడు. యోన్ వాటికి నకలు రాశాడు. మంటల్లో మూలమూ పోయింది, నకలూ పోయింది. ఇరవైనాలుగేళ్ళ ఆ కుర్రవాడు తరువాతి సంవత్సరం కూర్చుని, తాను చేతితో రాసినదాన్ని జ్ఞాపకం మీద తిరిగి రాశాడు. ఇప్పుడు ఆ సాగా ఏ ముద్రణ తెరిచినా మొదట కనిపించేది పద్దెనిమిదో శతాబ్దపు భాషలో యోన్ జ్ఞాపకం. కొన్ని అధ్యాయాలు గడిచాక, స్టాక్‌హోమ్‌లో మిగిలిపోయిన పుటలనుంచి పాత గొంతు మొదలవుతుంది.