దూరము ఒకటి, కాలము మరొకటి

తరగతిలో గోడపటమును చూపి, గజపతినగరమునుండి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గరిదారి గీయుమన్నచో, విద్యార్థి పసిఫిక్ మహాసముద్రముమీదుగా తూర్పునకు అడ్డగీత గీయును. ఆ రెండు ఊళ్ళనే గోళముపై దారముతో బిగించి కలిపి చూడుడు. దారము ఉత్తరమునకు మొగ్గి, చైనా, సైబీరియాల మీదుగా ఉత్తర ధ్రువవృత్తమును దాటి, అలాస్కామీదుగా క్రిందికి దిగును. దాని పొడవు సుమారు 13,240 కిలోమీటర్లు. గోళముపై కనిష్ఠ దూరమనగా ఈ మహావృత్త ఖండమే.

అయితే విమానములు ఈ దారిని పట్టుటకు చాలకాలము పట్టినది. 1948 జూన్ 8న బొంబాయినుండి లండనుకు బయలుదేరిన 'మలబార్ ప్రిన్సెస్' కైరోలోను, జెనీవాలోను ఆగవలసివచ్చెను. దూరము పెరిగినకొలది ఇంధనము పెరుగును. ఆ ఇంధనమును మోయుటకే మరికొంత ఇంధనము ఖర్చగును. మన దేశమునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా విమానము ఎక్కడను ఆగకుండ పోవుట 2015 డిసెంబరులోగాని సాధ్యము కాలేదు. అది ఢిల్లీనుండి అట్లాంటిక్ మీదుగా పోయెడిది.

2016 అక్టోబరులో ఆ సంస్థ దారి మార్చి, విమానమును పసిఫిక్ మీదుగా పంపెను. దూరము సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 కిలోమీటర్లయినది. ప్రయాణకాలము మాత్రము దాదాపు రెండు గంటలు తగ్గి 14½ గంటలయినది! కారణమేమి? సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు బలమైన వాయుప్రవాహములు వీచుచుండును. నిశ్చలమైన గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోవు విమానము, ఆ గాలివాటున సగటున 1,055 కిలోమీటర్లు పోగలిగినది. ఏటివాలున పోవు పడవ వంటిదే ఇదియు.

2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరుకు వచ్చిన విమానము ఉత్తరధ్రువపు దారి పట్టినది. కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి మున్నగు స్త్రీలే దానిని నడిపిరి. ఈ నగరముల మధ్య మహావృత్త దూరము సుమారు 13,990 కిలోమీటర్లు. సరిగా ధ్రువముమీదుగా వచ్చినను దూరము 14,360 కిలోమీటర్లే. అనగా పెరుగునది 370 మాత్రమే. ఎదురుగాలిని తప్పించుకొనుటకు ఇది పెద్ద మూల్యము కాదు.

ఈ ప్రయాణములో మరొక చిక్కు లెక్క కలదు. శనివారము రాత్రి 8½ గంటల ప్రాంతమున బయలుదేరినవారు సోమవారము తెల్లవారుజామున 3 గంటలు దాటిన పిమ్మట దిగిరి. గడియారముల ప్రకారము ఇది 30½ గంటలకు పైమాట. కాని మన కాలమునకు ఆధారము కాకినాడ సమీపమున పోవు 82½° తూర్పు రేఖాంశము. వారి కాలమునకు ఆధారము 120° పశ్చిమ రేఖాంశము. రెంటి నడుమ 202½°. గంటకు 15° చొప్పున భాగించిన వచ్చునది 13½ గంటలు. దానిని తీసివేయగా అసలు ప్రయాణము సుమారు 17 గంటలని తేలును.

ఉపాధ్యాయులు ఒక గోళము, ఒక దారము చేతబట్టి ఈ లెక్కలన్నియు విద్యార్థులచేతనే చేయింపవచ్చును. దూరమును దారము చెప్పును. కాలమును మాత్రము గాలినికూడ అడిగి తెలిసికొనవలెను.