బెండు ఆగితే చాలు

పొద్దున పదిన్నర. మైనస్ తొమ్మిది డిగ్రీలు. డెన్వర్‌కు గంటన్నర దూరంలో, చీజ్‌మన్ కాన్యన్ అడుగున, తొడల దాకా నీళ్లలో నిలబడి ఉన్నాను. ఒడ్డున గులాబి రంగు గ్రానైట్ బండల మీద జానెడు మంచు. సౌత్ ప్లాట్ నది మాత్రం గడ్డకట్టలేదు. పొగలు కక్కుతూ పారుతోంది.

కారణం ఎగువనున్న చీజ్‌మన్ డ్యామ్. 1905లో పూర్తయింది. నాలుగు డిగ్రీల దగ్గర నీటికి బరువెక్కువ. అందుకే జలాశయం పైన మంచు పలక కట్టినా ఆ నీరు అడుగునే ఉండిపోతుంది. కిందికి వదిలేది ఆ అడుగు నీళ్లనే. ఈ గాలితో పోలిస్తే వేడినీళ్లే! నా కాళ్లు ఒప్పుకోవడం లేదు గానీ.

గాలం మార్చాలంటే గ్లోవ్స్ తీయక తప్పదు. 24వ నంబరు గాలమంటే బియ్యపు గింజలో సగం. దాని మీద నల్ల దారం చుట్టి, పైన సన్నటి వెండి తీగ మెలిపెడితే జీబ్రా మిడ్జ్ అనే ఫ్లై, అంటే నకిలీ పురుగు. చలికాలం ఇక్కడి ట్రౌట్ చేపలకు దొరికేది ఎక్కువగా మిడ్జ్ పురుగులే, దోమ కంటే చిన్నవి. రెండో గాలం ఆర్‌ఎస్2. కొరియా నుంచి వచ్చిన రిమ్ చంగ్ ఈ నది చేపల కోసమే కట్టిన ఫ్లై అది. దారం కన్నంలో దూరడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. సూదిలో దారం ఎక్కించమని అమ్మమ్మ పిలిస్తే విసుక్కున్న రోజులు గుర్తొచ్చాయి.

విసిరాను. మడుగులో నీరు నెమ్మదించే చోట బెండు వాలింది. ప్రవాహం దారాన్ని లాగిందా, ఫ్లై పరుగెడుతుంది, ట్రౌట్ దాన్ని నమ్మదు. అందుకని దారాన్ని ఎగువకు తిప్పి వేస్తూ ఉండాలి. ఒకటి, రెండు, పది, ఇరవై సార్లు. ఏమీ లేదు.

మా ఊరి కాలవలో ఎర్రకు చేప పడితే బెండు బుడుంగున మునిగేది. ఇక్కడ అలా కాదు. ఈ చలికి ట్రౌట్ వెంటపడదు. నోటి ముందుకొచ్చింది అందుకుని వదిలేస్తుంది. దిగువన నిలబడ్డ పెద్దాయన ఇందాకే చెప్పాడు: "చేతికి తెలిసేదాకా ఆగకు. అప్పటికే ఉమ్మేసి ఉంటుంది."

బెండు మునగలేదు. నురగ ముందుకు సాగింది, బెండు సాగలేదు. అంతే తేడా. కర్ర ఎత్తాను.

బరువు! మడుగు అడుగున పసుపు మెరుపు ఒకటి మెలి తిరిగింది. బ్రౌన్ ట్రౌట్. వెంట్రుక లాంటి దారం, తెగకుండా చూసుకోవాలి. గట్టిగా పట్టలేను, వదల్లేను. రెండు నిమిషాలకు వలలోకి వచ్చింది. ఒంటి మీద ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత వలయం. ఫొటో ఆశ పుట్టింది. గాల్లోకి ఎత్తితే దాని మొప్పలు గడ్డకడతాయి, నీళ్లలోనే ఉంచాను. ముల్లు లేని గాలం చిటికెలో ఊడింది. చేయి కింద ఒక్క క్షణం నిలిచి, తోక ఆడించి రాయి నీడలోకి పోయింది. ఇక్కడ పట్టిన ట్రౌట్‌ను వదిలేయాల్సిందే.

మళ్లీ విసరబోతే దారం కదల్లేదు. కర్ర మీది కన్నాలన్నీ మంచుతో మూసుకుపోయాయి. కర్ర కొన నోట్లో పెట్టుకుని ఊదుతున్నాను.