మోతాదు

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, ఎక్స్‌రే గదిలో మాత్రం ‘డోసు’. ఆ డోసును మోతాదు అనడమే సబబు. మందు మోతాదు ముందే నిర్ణయిస్తాం, రేడియేషన్‌ను ఎవరూ కొలిచి పోయరు కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే. కానీ గ్రీకులో డోసు మూలానికి అర్థం ‘ఇవ్వడం’. అదీ వైద్యుడి చేతి నుంచి వచ్చిన మాటే. అరబ్బీ ‘ముఅతాద్’ ఉర్దూ మీదుగా మనకు మోతాదైంది. దాని అసలు అర్థం ‘అలవాటైనది’. ఆ వైపు నంది కొండ లాంటి గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి; వాటి కిరణాలు అక్కడివారికి పుట్టుకతో అలవాటే. ప్రకృతి నుంచి మనిషికి అందే మోతాదు ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు.

అలవాటును మించిందెంతో చెప్పేది రేడియేషన్ పనివారు తగిలించుకునే బ్యాడ్జీ. మన దేశపు బ్యాడ్జీలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు మూడుంటాయి. కాల్షియం సల్ఫేట్ అంటే జిప్సంలోని పదార్థమే, నీరు మినహా. కిరణం తాకినప్పుడు కదిలిన ఎలక్ట్రాన్లు స్ఫటికంలోని లోపాల్లో చిక్కుకుంటాయి. నెలల తర్వాత వేడిచేస్తే విడుదలై వెలుగిస్తాయి. ఎంత వెలుగో అంత మోతాదు. వేడిచేశాక లెక్క చెరిగిపోతుంది, బిళ్ల మళ్లీ పనికొస్తుంది. బ్యాడ్జీ తగిలించుకుంటే రక్షణ అనుకునేవారున్నారు. అది కొలుస్తుందే గానీ ఒంటిని కాపాడదు. మన దేశంలో రేడియేషన్ పనివారికి అనుమతించిన మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు.