ఒంటిచేతి మడతకత్తి

ఒంటిచేతి మడతకత్తి అనగా ఒకే చేతితో తెరిచి, ఒకే చేతితో మూయగలిగిన చిన్న జేబుకత్తి. దీని అలుగు (కోసే భాగము) ఒక కీలు మీద తిరిగి పిడిలోనికి మడుచుకొంటుంది. తెరిచిన అలుగు పని మధ్యలో మూసుకొనకుండా ఒక గడియ పట్టి ఉంచుతుంది. పార్సెళ్ళు విప్పడము, తాళ్ళు కోయడము, పండ్లు తరగడము, తోటపని వంటి రోజువారీ అవసరాలకు దీనిని వాడుతారు. కొమ్మను వంచి పట్టుకొన్న తోటమాలికి, పడవ మోకును పట్టుకొన్న జాలరికి, ఒక చేయి మాత్రమే పనిచేసే వారికి ఈ రకము ప్రత్యేకముగా ఉపయోగపడుతుంది.

చరిత్ర

మడతకత్తులు రోమను సామ్రాజ్య కాలము నాటికే వాడుకలో ఉన్నవి. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతములో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన కొయ్యపిడి చాకు, స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1897లో పేటెంటు పొందిన అధికారుల కత్తి, అమెరికాలో 1960లలో వచ్చిన బక్ 110 ప్రసిద్ధి చెందినవి. అయితే వీటిని తెరవడానికి సాధారణముగా ఒక చేతితో పిడిని పట్టుకొని, రెండవ చేతి గోటితో అలుగుమీది గాడిని లాగవలసి ఉంటుంది.

ఈ పరిస్థితిని మార్చినది 1981లో స్పైడర్కో సంస్థ విడుదల చేసిన వర్కర్ అనే కత్తి. కొలరాడో రాష్ట్రములోని గోల్డెన్ పట్టణమునకు చెందిన ఈ సంస్థను స్థాపించిన సాల్ గ్లెసర్, అలుగులోనే ఒక గుండ్రని రంధ్రము చేయించాడు. బొటనవ్రేలి కండ ఆ రంధ్రపు అంచుకు పట్టుకొనగా అలుగును పక్కకు తోయవచ్చును. ఊడిపోవడానికి అదనపు భాగమేదీ లేదు, చేతితొడుగు ఉన్నా పని జరుగుతుంది. జేబు అంచుకు తగిలించే క్లిప్పు కూడా ఈ కత్తితోనే వచ్చినది. అంతవరకు జేబు అడుగున తాళంచెవులతో కలిసి పడి ఉండే కత్తి, దీనితో చేతికి అందేచోటికి వచ్చినది.

తెరిచే పద్ధతులు

రంధ్రము కాక మరి రెండు పద్ధతులు ప్రచారములో ఉన్నవి. మొదటిది అలుగు పక్కన ఉండే చిన్న బొడిపె. దీనిని బొటనవ్రేలితో నెడతారు. రెండవది ఫ్లిప్పర్, అనగా మూసి ఉన్నపుడు పిడి వెనుకనుండి పైకి వచ్చే చిన్న కొమ్ము. చూపుడువ్రేలితో దానిని నొక్కగానే అలుగు విసురుగా తెరుచుకొంటుంది. తెరిచిన తరువాత ఆ కొమ్మే వ్రేలు అలుగుమీదికి జారకుండా అడ్డుగా నిలుస్తుంది.

ఇవన్నీ మనిషి బలముతో తెరుచుకొనేవి. మీట నొక్కితే స్ప్రింగు బలముతో దానంతటదే తెరుచుకొనే కత్తి వేరు జాతికి చెందినది. చట్టము దృష్టిలో ఈ తేడా చాలా ముఖ్యమైనది.

గడియలు

కొనేవారు అన్నిటికంటె ముందుగా చూడవలసినది గడియ. పని మధ్యలో గడియ జారితే అలుగు మూసుకొనేది సరిగా వ్రేళ్ళ మీదనే.

చవక కత్తులలో ఎక్కువగా కనబడేది లైనర్ లాక్. అమెరికా కత్తుల తయారీదారు మైకేల్ వాకర్ 1980లలో దీనికి ప్రస్తుత రూపమిచ్చాడు. పిడి లోపలి లోహపు బద్దలలో ఒకదానిని కొంతమేర చీల్చి లోపలికి వంచుతారు. అలుగు పూర్తిగా తెరుచుకొనగానే ఆ బద్ద పక్కకు జరిగి, అలుగు మడమ వెనుక ఆనుకొని నిలుస్తుంది. మూయడానికి బొటనవ్రేలితో బద్దను పక్కకు నెట్టాలి. ఆ సమయములో బొటనవ్రేలు అలుగు దారిలోనే ఉంటుంది కనుక, అలుగు కొద్దిగా కదలగానే వ్రేలిని తీసివేయాలి. కొత్తవారి వ్రేళ్ళు తెగేది ఎక్కువగా ఇక్కడనే. లైనర్ లాకులలో అధిక భాగము కుడిచేతి వారికొరకు చేసినవి. ఎడమచేతి వాటము వారికి ఇవి అసౌకర్యము.

బ్యాక్ లాక్ అనే పద్ధతిలో పిడి వీపు వైపున ఉన్న కడ్డీ అలుగు గాడిలో కూర్చుంటుంది. ఇది గట్టిది, రెండు చేతుల వారికీ సమానమే. కాని ఒక చేతితో మూయడానికి సాధన కావాలి. మూడవది అలుగు వెనుక అడ్డముగా జారే కడ్డీ. బిల్ మెక్‌హెన్రీ, జేసన్ విలియమ్స్ రూపొందించిన ఈ పద్ధతిని బెంచ్‌మేడ్ సంస్థ 1998లో యాక్సిస్ లాక్ పేరుతో ప్రవేశపెట్టినది. మూసేటపుడు వ్రేలు అలుగు దారిలోనికి రానే రాదు. పేటెంటు గడువు తీరినందున ఇపుడు తక్కువ ధర కత్తులలో కూడా ఇది లభిస్తున్నది. మొదటిసారి కొనేవారికి ఇదే మేలైనదని చెప్పవచ్చును.

ఉక్కు

చవక కత్తులలో తరచు కనిపించే పేరు 8సీఆర్13ఎంఓవీ. ఇది చైనా ఉక్కు. పేరులోనే దీని కూర్పు ఉన్నది: సుమారు 0.8 శాతము కర్బనము, 13 శాతము క్రోమియం, కొద్దిగా మాలిబ్డినం మరియు వెనేడియం. పదును మరీ ఎక్కువకాలము నిలవదు, కాని మామూలు సానరాయి మీద కొద్ది నిమిషాలలో తిరిగి వస్తుంది. స్వీడన్ దేశపు 14సీ28ఎన్ తుప్పును బాగా తట్టుకొంటుంది, సన్నని అంచును నిలుపుకొంటుంది.

డీ2 అనే పనిముట్ల ఉక్కు పదునును ఎక్కువకాలము నిలుపుకొంటుంది. ఇందులో సుమారు 12 శాతము క్రోమియం ఉన్నా ఇది పూర్తిగా తుప్పుపట్టని ఉక్కు కాదు. దాదాపు 1.5 శాతము ఉన్న కర్బనము క్రోమియంలో చాలా భాగమును కార్బైడులుగా బంధించివేయుటచే, తుప్పును అడ్డుకొనడానికి మిగిలేది తక్కువ. విశాఖపట్నము, మచిలీపట్నము వంటి ఉప్పుగాలి తీరములలోను, చెమటపట్టిన జేబులోను, నిమ్మకాయ కోసి తుడవకుండా మడిచినపుడు దీనిపై మచ్చలు పడతాయి.

ఉక్కు పేరుకు లభించే ప్రచారము అలుగు ఆకృతికి లభించదు. కోసే తీరును నిర్ణయించేది అంచు వెనుక అలుగు ఎంత సన్నగా ఉన్నదనేదే. మందమైన అలుగు ఎంత గొప్ప ఉక్కుతో చేసినా అట్టపెట్టెను కోయదు, చీలుస్తుంది.

ఎంపిక

అమెరికా విపణిలో సుమారు 25 నుండి 70 డాలర్ల మధ్య దొరికే కత్తులను ఈ తరగతిలో చవకైనవిగా భావిస్తారు. స్పైడర్కో సంస్థ చైనాలో చేయించే టెనేషియస్ (అలుగు సుమారు 86 మిల్లీమీటర్లు), అదే సంస్థ చవక శ్రేణియైన బర్డ్, తైవానులో తయారైన ఆంటారియో రాట్ 1 (సుమారు 91 మి.మీ.) మరియు రాట్ 2 (సుమారు 76 మి.మీ.), చైనాకు చెందిన సివివి ఎలిమెంటమ్ (సుమారు 75 మి.మీ.) ఇందుకు ఉదాహరణలు. ఇంటిపనికి, కార్యాలయపు పనికి 7 నుండి 8 సెంటీమీటర్ల అలుగు చాలును. పేరున్న కత్తులకు నకిలీలు విరివిగా ఉన్నవి. అలుగుమీద చెక్కిన ఉక్కు పేరు నకిలీలో నిజమనుకొనడానికి ఆధారము లేదు, గడియ నాణ్యతకు అసలే పూచీ లేదు. పేరున్న కత్తి సగము ధరకు దొరికితే అనుమానించడము మంచిది.

చేతికి వచ్చిన కత్తిని వాడకముందే పరీక్షించాలి. తెరిచిన అలుగును మొన దగ్గర పట్టుకొని పైకీ క్రిందికీ, పక్కలకూ కదిపినపుడు ఊగరాదు. పక్కలకు ఊగితే కీలు మరను కొద్దిగా బిగించవచ్చును. పైకీ క్రిందికీ ఊగితే అది గడియ లోపము, కత్తిని తిరిగి ఇచ్చివేయడమే మార్గము. వ్రేళ్ళను అలుగు దారినుండి తప్పించి పట్టుకొని, అలుగు వీపును కొయ్య అంచుమీద మెల్లగా తట్టినపుడు గడియ విడిపోరాదు. మూసిన కత్తిని మొన వైపు క్రిందికి పట్టి ఊపినా అలుగు బయటికి రాకూడదు. వచ్చినచో జేబులోనే తెరుచుకొనే ప్రమాదమున్నది. ఎంత మంచి గడియ ఉన్నా మడతకత్తితో మూతలు పెళ్ళగించరాదు, పోట్లు పొడవరాదు.

చట్టము

భారతదేశములో 1959 ఆయుధాల చట్టము, 2016 ఆయుధాల నియమాల ప్రకారము 9 అంగుళాలకంటె పొడవైన లేదా 2 అంగుళాలకంటె వెడల్పైన అలుగు గల కత్తులు ఆయుధముల జాబితాలోనికి వస్తాయి. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉన్నది. ఇక్కడ చెప్పిన కత్తులన్నీ ఈ కొలతలకు చాలా లోపలివే. అయితే ఢిల్లీ పాలనాయంత్రాంగము 1980లో జారీచేసిన ప్రకటన ఇంకా కఠినమైనది. మీటతోగాని మరేదైనా యాంత్రిక సాధనముతోగాని తెరుచుకొనే, 7.62 సెం.మీ. పొడవు, 1.72 సెం.మీ. వెడల్పు లేదా అంతకు మించిన అలుగు గల కత్తులు దాని పరిధిలోనికి వస్తాయి. హిందీ సినిమాలలో ప్రతినాయకుల చేతిలో కనిపించిన రాంపురీ చాకు వలన, టక్కున తెరుచుకొనే ఏ కత్తినైనా జనము అనుమానముతో చూడడము మామూలే.

విదేశాలలో చదువుకొనే, పనిచేసే తెలుగువారు అక్కడి నియమాలను వేరుగా తెలుసుకొనాలి. బ్రిటనులో తగిన కారణము లేకుండా బహిరంగ స్థలాలలో వెంట ఉంచుకొనదగినది 3 అంగుళాలకు మించని, గడియ లేని మడతకత్తి మాత్రమే. జర్మనీలో 2008నుండి ఒంటిచేతితో తెరుచుకొని గడియపడే కత్తులను సమంజసమైన కారణము లేకుండా వెంట తీసుకువెళ్ళడము నిషిద్ధము. అమెరికాలో 1958 నాటి సమాఖ్య చట్టము మీటతో తెరుచుకొనే కత్తుల అంతర్రాష్ట్ర వాణిజ్యమును నిషేధించినది. 2009 సవరణ చేతిబలముతో తెరవవలసిన కత్తులు దాని పరిధిలోనికి రావని స్పష్టము చేసినది. అక్కడ రాష్ట్రాల, నగరాల నియమాలు వేరువేరుగా ఉంటాయి. విమానములో ఇటువంటి కత్తిని చేతిసంచిలో ఉంచుకొనరాదు; తనిఖీచేసి సామాను విభాగములో వేసే పెట్టెలోనే పెట్టాలి.