పెంపకపు గొర్రెల్లో నట్టల వ్యాప్తి

గొర్రెలను పీడించే నట్టల్లో ఎక్కువ నష్టం చేసేది రక్తం పీల్చే నట్ట. శాస్త్రీయ నామం హీమాంకస్ కంటార్టస్. ఇది గొర్రె నాలుగో పొట్ట గోడను పట్టుకుని బతుకుతుంది. ఆడ నట్ట రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. రక్తం నిండిన ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి అండాశయాలు మెలి తిరిగి ఉంటాయి కాబట్టి, ఎరుపు తెలుపు దారాలు కలిపి పేనినట్టు కనిపిస్తుంది. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుందని అంచనా. వెయ్యి నట్టలుంటే 50 మిల్లీలీటర్లు. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే రెండు లీటర్లు. కనురెప్ప లోపలి పొర పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది, మేస్తూనే జీవం నీరసిస్తుంది. ఈ నట్టతో పారుడు ఉండాలని లేదు. పెంటికలు గట్టిగా పడుతున్నాయి కదా అని ధీమాగా ఉన్న మందల్లోనే హఠాత్తు చావులు కనిపిస్తాయి.

ఈ జబ్బు ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు నేరుగా అంటదు. పొట్టేలు దాటడం వల్ల రాదు, తల్లి కడుపులో ఉండగా పిల్లకు రాదు, పాల ద్వారానూ రాదు. మధ్యలో నేల ఉండి తీరాలి. ఆడ నట్ట రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో బయటపడి, వెచ్చదనం, తేమ కుదిరితే వారం రోజుల్లో అంటించే దశ లార్వాలవుతాయి. మంచు తడిలోనో వాన తడిలోనో గడ్డి పోచ మీదికి పాకుతాయి, అదీ చాలావరకు నేల నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులోపే. గొర్రె నేలకంటా కొరికి మేసే జీవం కనుక అవి సరిగ్గా దాని నోటికే అందుతాయి. లోపలికి వెళ్లిన మూడు వారాలకు కొత్త నట్టలు గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి.

మంద అంతా ఒకే బీటిలో మేస్తున్నప్పుడు ఆ గడ్డిని ఎక్కువగా పాడుచేసేది ఏ జీవం? ఈ వ్యాసం వాదన ఒక్కటే: ఈనబోయే, ఈనిన గొర్రె. మామూలు రోజుల్లో ఎదిగిన గొర్రె నట్టలను చాలావరకు అదుపులో పెట్టుకుంటుంది. ఈతకు రెండు వారాల ముందు నుంచి, ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాల వరకు ఆ పట్టు సడలుతుంది. అణగి ఉన్న లార్వాలు ఎదుగుతాయి, ఉన్న నట్టలు ఎక్కువ గుడ్లు పెడతాయి. కారణం మాంసకృత్తుల పంపకంలో ఉందనడానికి గట్టి ఆధారాలున్నాయి. కడుపులో పిల్లకు, తర్వాత పాలకు పోగా మిగిలిందే రోగనిరోధక శక్తికి దక్కుతుంది. అందుకే కవలలను మోసే గొర్రె, ఒక్క పిల్ల తల్లి కంటే ఎక్కువ గుడ్లు వదులుతుంది. పిల్లలను తీసేస్తే తల్లి త్వరగా కోలుకుంటుంది. మాంసకృత్తులు ఎక్కువున్న దాణా పెట్టిన తల్లుల పెంటికల్లో గుడ్లు తగ్గినట్టు ప్రయోగాల్లో తేలింది. వెయ్యి నట్టలున్న తల్లిలో సగం ఆడవే అనుకున్నా, రోజుకు 25 లక్షల గుడ్లు నేల మీద పడతాయి. తొలకరి మేతతో పుంజుకుని జూన్, జులైలలో చూలు కట్టిన గొర్రెలు అయిదు నెలలకు, అంటే నవంబరు, డిసెంబరులో ఈనుతాయి. నెల్లూరు వైపు అవి ఈశాన్య రుతుపవనాల వాన రోజులు. తల్లి గుడ్లు ఎక్కువ వదిలే కాలం, నేల తడిగా ఉండే కాలం, నట్టల ముఖమే చూడని పిల్ల గడ్డి కొరకడం మొదలుపెట్టే కాలం ఒక్కచోట కలుస్తాయి.

పొట్టేళ్లు, ఎదిగే పిల్లలు గుడ్లు వదలవా అని అడగవచ్చు. వదులుతాయి; పాలు మరిచిన పిల్లలైతే తల్లులను మించి వదులుతాయి. కానీ పిల్ల పుట్టినప్పుడు దాని ఒంట్లో ఈ నట్ట ఒక్కటీ లేదు. అది మింగిన మొదటి లార్వాల్లో ఎక్కువ భాగం తల్లులు వదిలినవే. అలాంటప్పుడు ఈనే ముందు తల్లులన్నిటికీ మందు తాగిస్తే సరిపోదా అన్నది ఇంకో ప్రశ్న. ఈ దారిని లోకం ముందే నడిచి చూసింది. థయాబెండజోల్ 1961లో మార్కెట్లోకి వచ్చింది. 1964 కల్లా దాన్ని తట్టుకునే నట్టలు అమెరికాలో బయటపడ్డాయి. 1980లలో వచ్చిన ఐవర్‌మెక్టిన్‌కూ ఆ దశాబ్దం లోపే దక్షిణాఫ్రికాలో అదే గతి పట్టింది. మంద మొత్తానికి మందు పట్టినప్పుడు బతికేవి దాన్ని తట్టుకున్నవే. ఈ కోణంలో చూస్తే, మనకు అలవాటైన తొలకరి ముందు మందు గురించి కూడా ఆలోచించాలి. మే నెల ఎండకు నేల మీది లార్వాలు చాలావరకు మాడిపోతాయి. అప్పటికి మిగిలిన నట్టల్లో అధిక భాగం గొర్రెల ఒంట్లోనే ఉంటాయి. ఒక్కదాన్నీ వదలకుండా మందు తాగిస్తే, వానలకు బీడు నిండేది మందుకు లొంగని వాటి సంతానంతోనే. పుష్టిగా ఉన్న కొన్ని పెద్ద గొర్రెలను కావాలనే వదిలేయడం నిర్లక్ష్యం కాదు. మందలోని నట్టల్లో ఎక్కువ భాగం కొద్ది గొర్రెల్లోనే పోగై ఉంటాయి. కనురెప్ప రంగును అయిదు రంగుల కార్డుతో పోల్చి, పాలిపోయిన వాటికే మందు పట్టే ఫమాచా పద్ధతి దక్షిణాఫ్రికాలో పుట్టింది ఈ లెక్క మీదే. చూడి గొర్రెల విషయంలో మాత్రం కాస్త పాలిపోయినా ఆగకూడదు; పల్లిచెక్క, ఉలవలు ఈతకు ముందు, తర్వాత ఆ వారాలన్నీ వాటికే ముందు దక్కాలి.

మందుతో పాటు మేసే చోటు మార్చడం ఇంకో దారి. కంచెలు లేని ఉమ్మడి బీళ్లలో మేత మార్పిడి కుదరదన్న అభ్యంతరం బలమైనదే. విదేశీ పుస్తకాల్లోని గడ్డి మళ్ల పద్ధతి ఇక్కడికి రాదు. అయితే కురుమ, గొల్ల కాపరులు కోత కోసిన చేలలో ఎరువు కోసం మంద పెట్టి, ఒకటి రెండు రాత్రుల్లో చోటు మార్చడం అలాంటి పనే చేస్తుంది. గుడ్డు అంటించే లార్వా అయ్యేలోగా మంద ముందుకు సాగిపోతుంది. పాకలో కట్టేసి, వాకిటి ముందరి పచ్చికనే రోజూ మేపే పద్ధతి పెరిగిన కొద్దీ ఆ రక్షణ పోతుంది. ఈనిన తల్లులను, పిల్లలను ఇంటి దగ్గరి తడి గట్ల మీద ఉంచడం అలవాటు. నట్టల విషయంలో అంతకంటే చెడ్డ చోటు లేదు. (చెరువు శిఖాల్లో పట్టే కాలేయపు జలగల దారి వేరు, నత్తలు లేనిదే అవి వ్యాపించవు.)

కొన్న జీవాలతో నట్టలు కూడా ఊళ్లు దాటుతాయి. 2017లో తెలంగాణలో మొదలైన పంపిణీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. వాటిలో చాలా భాగం పొరుగు రాష్ట్రాల సంతల నుంచి వచ్చినవే. కొత్త జీవానికి మందు తాగించి, కనీసం రెండు వారాలు విడిగా మేపి, తర్వాతే మందలో కలపాలి. మందు పట్టిన రోజున, మళ్లీ 10 నుంచి 14 రోజుల మధ్య పెంటికలను పశువైద్యశాలలో పరీక్ష చేయించండి. గుడ్లు 95 శాతమైనా తగ్గకపోతే ఆ మందు ఆ జీవాల్లో సరిగా పనిచేయడం లేదు.