కరవు సీమలో గృహవసతి

గ్రామచరిత్ర మనగా పాలకుల పేర్లును యుద్ధముల తేదీలును మాత్రమే కాదు. సామాన్యుడు ఏ కప్పు క్రింద తల దాచుకొనెనో తెలిసికొనుటయు చరిత్రయే. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ విషయమును ముచ్చటించుట ఉచితమని తలచుచున్నాను.

అనంతపురపు పీఠభూమి పడమటి కనుమల చాటున నుండుటచే ఇచట సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కలిగిన రైతు రాతిగోడలు లేపి, దూలములపై కట్టెలు పరపించి, వాని మీద చవుడుమన్ను దట్టముగా పోయించి మిద్దె కట్టుకొనెడివాడు. చవుడు వాననీటిని దిగనీయదు, ఎండ వేడిమిని ఆపును. అయినను ఎప్పటికప్పుడు కొత్తమన్ను పోయించనిదే మిద్దె నిలువదు. నేల లేని కూలివానికి మట్టిగోడలు, బోదకప్పు గల కొట్టమే గతి. పలుచోట్ల ఆ కొట్టము క్రింది జాగా సైతము వానిది కాదు.

1876-78 నాటి ధాతు కరవులో ఈ భేదము బయటపడినది. మేత లేక జనులు కొట్టముల కప్పు పీకి పశువులకు వేసిరి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవుపనుల కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును కొద్దిపాటి పైకమునకును తగ్గించెను. ఆ కూలితో కడుపే నిండనివాడు కప్పు నెట్లు వేయించుకొనగలడు? కరవు మొదట పంటను, పిదప పశువును, తుదకు ఇంటిని హరించెను.

స్వాతంత్ర్యానంతరము ఈ లోటును తీర్చు యత్నములు జరిగినవి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమున రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించెను. ఆ సంస్థ పేదలకు పక్కాయిండ్లు కట్టించి, వానిని ఇల్లాలి పేర వ్రాయించినది. భర్త అప్పులపాలైనను, వలసపోయినను, బిడ్డలకు నీడ తొలగరాదను దూరదృష్టి అందు కలదు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడినది. 2006లో ఇందిరమ్మ పథకము ఆరంభమయ్యెను.

అయినను కప్పు దొరికినంతనే కథ ముగియలేదు. వానలు తప్పిన యేడు పక్కాయింటికి తాళము వేసి, వృద్ధులను పసివారిని వదలి, బెంగుళూరునకు కూలికి పోయిన కుటుంబము లెన్నియో! అచట వారు పరుల కొరకు మేడలు కట్టుచు, తాము ఆ ప్రక్కనే రేకుల పాకలలో కాపురముండిరి. సొంతయిల్లు గలవారును ఇట్లు నిలువనీడ లేనివారైరి. 2006 ఫిబ్రవరి 2వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ఈ జిల్లాలోని బండ్లపల్లెలోనే ప్రారంభమగుట యాదృచ్ఛికము కాదు. ఊరిలో పని లేనిదే ఇంటిలో దీపము వెలుగదని ఈ సీమ ముందే యెరిగియున్నది.

కావున ఇంటిని గోడలతో గాక, అందు ఏడాది పొడవున నిలువగల మనుష్యులతో లెక్కింపవలెను. మన యువ పాఠకులు ఊరిలోని ప్రతి గడపకు పోయి, ఆ యిల్లు ఎప్పుడు, ఎవరి పేర కట్టబడెనో, ఏ కరవున తాళము పడెనో పెద్దల నడిగి వ్రాసి యుంచుదురు గాక. ఆ పుస్తకము మన గ్రంథాలయమునకు వెలలేని సొత్తు కాగలదు.