అల్జీమర్స్ వ్యాధి: జన్యువులు చెబుతున్నదేమిటి?

1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, జ్ఞాపకశక్తి కోల్పోయి మరణించిన ఆగస్టే డీటర్ అనే మహిళ మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించారు. నాడీకణాల వెలుపల ఫలకాలు, లోపల చిక్కుపడిన పోగులు ఆయనకు కనిపించాయి. ఫలకాల్లో ఉన్నది అమైలాయిడ్ బీటా అని, పోగుల్లో ఉన్నది టౌ ప్రోటీన్ అని తేలడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది.

ఏపీపీ అనే పెద్ద ప్రోటీన్‌ను ఎంజైములు ముక్కలు చేసినప్పుడు అమైలాయిడ్ బీటా పుడుతుంది. ఏపీపీ జన్యువు 21వ క్రోమోజోమ్‌పై ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఈ క్రోమోజోమ్ మూడు ప్రతులుగా ఉండటం వల్ల వారికి ఈ వ్యాధి చిన్న వయసులోనే వచ్చే ముప్పు ఎక్కువ. ఏపీపీతో పాటు ప్రెసెనిలిన్-1, ప్రెసెనిలిన్-2 జన్యువుల్లోని కొన్ని మార్పులు కూడా వ్యాధిని నేరుగా కలిగిస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి అలాంటి మార్పు ఉంటే, ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగం. అయితే ఇలాంటి కుటుంబాలు చాలా అరుదు.

అత్యధికుల్లో వ్యాధి వృద్ధాప్యంలోనే బయటపడుతుంది. వీరి విషయంలో 1993లో గుర్తించిన ఏపీఓఈ-4 జన్యు రూపం ముఖ్యమైనది. ఇది ముప్పును పెంచుతుందే తప్ప వ్యాధి తప్పదని చెప్పదు.

కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో ప్రెసెనిలిన్-1 మార్పు ఒకే వంశంలో తరతరాలుగా కొనసాగుతోంది. ఆ మార్పు ఉన్నవారికి సాధారణంగా నలభైల్లోనే మతిమరుపు మొదలవుతుంది. కానీ అదే మార్పు ఉన్న ఒక మహిళకు డెబ్బై ఏళ్లు దాటే వరకు ఆ లక్షణాలు కనిపించలేదని 2019లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆమె మెదడులో అమైలాయిడ్ విపరీతంగా ఉన్నా, టౌ వ్యాప్తి పరిమితంగానే ఉంది. ఏపీఓఈ జన్యువులోని ‘క్రైస్ట్‌చర్చ్’ అనే అరుదైన మార్పు ఆమెను కాపాడి ఉండవచ్చని వారు భావించారు. ఆ రక్షణను ఔషధంగా అనుకరించడం ఎలాగన్నదే ఇప్పుడు పరిశోధకుల ముందున్న ప్రశ్న.

అమైలాయిడ్‌ను తొలగించే లెకనెమాబ్ వంటి మందులు క్షీణతను కొంత నెమ్మదింపజేస్తాయి, కానీ ఆపలేవు. రెండు ఏపీఓఈ-4 ప్రతులు ఉన్నవారిలో వీటి వల్ల మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు ఎక్కువ. అందుకే చికిత్సకు ముందు జన్యు పరీక్షను సూచిస్తారు.

భారత్‌లో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బీ12 లోపం, థైరాయిడ్ సమస్య వంటి నయం చేయదగ్గ కారణాలూ ఉంటాయి. కనుక వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి సంప్రదించడం అవసరం.